కర్నల్ సి.కె. నాయుడు: ఆటనే జీవికగా చేసికొనిన తెలుగువాడు

వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము మా అగ్రహారము వీధిలో బాలురు క్రికెట్టు ఆడుచుండగా, బంతి వచ్చి మా అరుగుమీద నేను దిద్దుచున్న వ్యాసరచన పుస్తకముల నడుమ పడెను. సిరాబుడ్డి కాలము గడచిపోయినది గనుక సరిపోయినది గాని, లేనిచో ఆనాడు తొమ్మిదవ తరగతి వారందరి వ్యాసములును నీలివర్ణము దాల్చియుండెడివి. బంతికొరకు వచ్చిన బాలుని ఊరక పంపుట ఇష్టము లేక, "టెస్టు పోటీలలో భారతదేశమునకు తొలి నాయకుడెవరో చెప్పి బంతి తీసికొని పొమ్ము" అంటిని. వాడు వరుసగా నాలుగు పేర్లు చెప్పెను. నాలుగును తప్పే. సరియైన పేరు నేను చెప్పగా వాడు ఆశ్చర్యపడి, "నాయుడంటే మనవాడా మాస్టారూ?" అని అడిగెను.

అంతలో వాని తండ్రియు అటు వచ్చెను. ఆయన అడిగిన ప్రశ్న వేరు. "ఆటవలన అన్నము పుట్టునా మాస్టారూ? మీరైనను వీనికి బుద్ధి చెప్పుడు" అనెను. తండ్రికిని కొడుకునకును ఒక్క మనిషి కథతోనే సమాధానము చెప్పవచ్చునని నాకు తోచినది. ఆనాడు అరుగుమీద సగము చెప్పితిని. మిగిలిన సగముతో కలిపి మన పాఠశాల పత్రికకు వ్రాయుచున్నాను.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరు నగరమున జన్మించిరి. వారి వంశము బందరు ప్రాంతమునుండి వెడలి నాగపూరున స్థిరపడిన తెలుగు వంశము. చుట్టునున్నవారు మరాఠీయు, హిందీయు మాట్లాడుచుండ, ఇంటిపేరును తెలుగుదనమును నిలుపుకొనిన కుటుంబములు ఆ నగరమున ఆనాడు పెక్కు గలవు. ఈ సంగతి మన బాలురకు వింతగా తోచదు. గౌతమికి ఆవలి ఒడ్డునున్న ఎదుర్లంకలోను తెలుగే, ఈవలి యానాములోను తెలుగే అయినను, మన ప్రభుత్వ కాగితములకు ముఖ్యపట్టణము ఎన్నో వందల మైళ్ళ దూరముననున్న పుదుచ్చేరి గదా! మాతృభాష ఒకటి, పరిపాలనాకేంద్రపు భాష వేరొకటి అయినచోట పెరుగుట ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నాయుడుగారు ఉన్నత తరగతులలో చదువుచున్నప్పుడే క్రికెట్టులో పేరు తెచ్చుకొనిరి. ఆ కాలమున బొంబాయిలో ఏటేట గొప్ప పోటీలు జరుగుచుండెడివి. జట్లు ఊళ్ళనుబట్టి గాక మతములనుబట్టి ఏర్పడుట ఆ పోటీల లక్షణము: యూరోపియనులు, పార్సీలు, హిందువులు, మహమ్మదీయులు. ఆ విభజన మంచిది కాదని తరువాతి కాలమున పెద్దలు పలుమారు చెప్పిరి. 1946 తరువాత ఆ పోటీలు జరుగలేదు. కాని 1916లో ఒక యువకుడు తన బలము చూపుటకు అంతకుమించిన రంగము లేదు. ఆ ఏట హిందువుల జట్టు యూరోపియనులతో ఆడుచు 79 పరుగులకు ఏడు వికెట్లు కోల్పోయి దీనావస్థలో నుండగా నాయుడుగారు బ్యాటు పట్టి మైదానమున అడుగిడిరి. మొదటి మూడు బంతులను అడ్డుకొని ఊరకుండిరి. నాలుగవ బంతిని సిక్సరుగా కొట్టిరి. అదియే వారి ప్రథమశ్రేణి క్రీడాజీవితమునకు ఆరంభము. ఏబది యేండ్ల తరువాత వ్రాసినవారును ఆ నాలుగవ బంతిని మరువలేదు.

ఇక తండ్రిగారి ప్రశ్నకు వత్తము. ఆనాడు ఆటవలన అన్నము పుట్టెడిదా?

ఇంగ్లండు దేశమున క్రికెట్టు ఆడువారిలో రెండు తెగలుండెడివి. కలిగినవారు, జీతము పుచ్చుకొనక సరదాకై ఆడువారు "పెద్దమనుష్యులు". కూలి పుచ్చుకొని ఆడువారు "ఆటగాండ్రు". ఒకే జట్టున కలిసి ఆడుచున్నను, బట్టలు మార్చుకొను గదులు వేరు, మైదానములోనికి దిగు ద్వారములు వేరు. ముద్రించిన పట్టికలలో పేరు వ్రాయు తీరును వేరే. జట్టునకు నాయకత్వము వహించువాడు పెద్దమనిషియే కావలెను. ఎంత నేర్పరియైనను జీతగాడు నాయకుడు కాజాలడు. ఇరువదవ శతాబ్దమున జీతగాడొకడు ఇంగ్లండు టెస్టు జట్టునకు నాయకుడైనది 1952లో. అతడు లెన్ హటన్. ఈ భేదమును పూర్తిగా రద్దుచేసినది 1962లో. పంక్తిభేదము మన దేశమునందే కలదని తలచువారు ఈ చరిత్ర చదువదగును.

మన దేశమున జీతమిచ్చి ఆడించు సంఘములు లేకుండెను. ఆ లోటును కొందరు సంస్థానాధీశులు తీర్చిరి. మల్లురను, గాయకులను పోషించినట్లే క్రికెట్టు నెరిగినవారినిగూడ కొలువులో చేర్చుకొని ఏదో యొక ఉద్యోగమిచ్చెడివారు. 1923లో ఇందూరు హోల్కరు మహారాజుగారు నాయుడుగారిని పిలిపించి తమ సైన్యమున కేప్టెను పదవి నొసగిరి. తరువాత వారు కర్నల్ అయిరి. నేటికిని వారి పేరునకు ముందుండు "కర్నల్" అను మాటకు మూలమిదియే. యుద్ధరంగమున గెలిచినది గాదు గాని, ఆ బిరుదును వారు ధరించిన తీరు చూచినవారికి ఆ సంగతి జ్ఞప్తికి వచ్చెడిది కాదట. ఆరడుగులకు పైబడిన నిటారైన విగ్రహము, మితభాషణము, క్రమశిక్షణ విషయమున కాఠిన్యము: సైనికాధికారి లక్షణములన్నియు వారిలో నుండెను. శాస్త్రప్రకారము వారిని జీతపుటాటగాడు అనరాదు, సంస్థానోద్యోగి అనవలెను. కాని ఉద్యోగము వచ్చినది బ్యాటు పట్టిన చేతిని చూచియే గదా! మరియొక విశేషము. 1941లో బాత్‌గేట్ కంపెనీవారి కాలేయపు టానిక్కు ప్రకటనలో నాయుడుగారి పేరు వెలువడెను. వ్యాపారవస్తువునకు తన పేరునిచ్చిన మొదటి భారతీయ క్రికెట్టు ఆటగాడు వారేయని చెప్పుదురు. నేడు వేలములో కోట్ల రూపాయలు పలుకు ఆటగాండ్ర ప్రకటనలను దూరదర్శినిలో చూచువారు ఆ టానిక్కు సీసాను ఒకసారి తలచుకొనవలెను.

వారి కీర్తికి మూలస్తంభమైన దినము 1926 డిసెంబరు 1. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చి బొంబాయి జిమ్‌ఖానా మైదానమున హిందువులతో ఆడెను. ముందుగా వచ్చినవారిలో గై ఎర్ల్ అను నాతడు ఎనిమిది సిక్సరులు కొట్టి 130 పరుగులు చేసెను. దొరలు ఎట్లు కొట్టుదురో చూచితిరా యని ప్రేక్షకులు చెప్పుకొనిరి. మరునాడు నాయుడుగారు దిగిరి. 116 నిముషములలో 153 పరుగులు. అందులో సిక్సరులు పదునొకండు. ఒక బంతి జిమ్‌ఖానా కప్పుమీద పడినదట. వార్త పాకిన కొలదిని నగరమున పనులు మాని జనము మైదానమునకు పరుగెత్తిరనియు, చెట్లును మేడలును మనుష్యులతో నిండిపోయెననియు చెప్పుదురు. వచ్చినవారు ఓర్వలేనివారు కారు; నాయుడుగారికి వెండిబ్యాటు నొకదానిని బహుమానముగా నిచ్చిరి.

ఆ 153 పరుగుల విలువ లెక్కలో లేదు. మన దేశపు ఆటగాండ్రు ఇంగ్లండుతో సరిసమానముగా నిలువగలరను నమ్మకము ఆనాడు కలిగెను. గిల్లిగన్ కూడ మనవారిని ప్రోత్సహించెను. రెండేండ్లలోనే, 1928లో, భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడెను. టెస్టు హోదాకు మార్గము తెరువబడెను.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు పయనమయ్యెను. నాయకుడెవరు? ఇంగ్లండున పెద్దమనిషి నాయకుడైనట్లే, ఇచట రాజు నాయకుడు కావలెనని పెద్దల తలంపు. పోరుబందరు మహారాజుగారు నాయకులు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. మహారాజుగారిని మెచ్చుకొనవలసిన విషయమొకటి కలదు. తనకు ఆటరాదను సంగతి తనకు తెలియును. కొన్ని ఆటలు ఆడి తాను తప్పుకొనిరి. లింబ్డీ రాజకుమారునికి దెబ్బ తగిలెను. ఆ విధముగా 1932 జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు ఆటకు నాయుడుగారు నాయకులైరి. అధికారము దాని యోగ్యుని వెదకికొని వచ్చినదనవచ్చును గాని, దారి మాత్రము చుట్టుదారి.

మన యానాము ఆనాడు ఆంగ్లేయుల ఏలుబడిలో లేదు. ఫ్రెంచివారి క్రింద నుండెను. 1954 వరకు నిక్కముగా అట్లే యుండెను. కావున లార్డ్స్‌లో నాయుడుగారు టాసు వేయుచుండగా మన ఊరివారు చట్టరీత్యా వేరొక రాజ్యపు ప్రజలు.

ఆ ఆటలోని మొదటి అరగంటను మన పిల్లలు కంఠస్థము చేయవలెనని నా కోరిక. దానికి పదిదినముల పూర్వమే ఇంగ్లండు ఆటగాండ్రు హోమ్స్, సట్‌క్లిఫ్ ఇరువురును తమ యార్క్‌షైరు జట్టు తరఫున విడిపోకుండ 555 పరుగులు చేసి లోకమును విస్మయపరచియుండిరి. ఆ జంటయే మనమీద బ్యాటింగునకు వచ్చినది. మహమ్మద్ నిస్సార్ వేగముగా విసరిన బంతులకు ఇరువురి వికెట్లును పడిపోయెను. అనుభవశాలియైన వూలీ రనౌటు అయ్యెను. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు! ఆ తరువాత వారి నాయకుడు జార్డైన్ గట్టిగా నిలిచి జట్టును కాపాడెను. ఇంగ్లండు 259 పరుగులు చేయగా మనవారు 189 చేసిరి. ఫీల్డింగు చేయుచుండగా చేతికి దెబ్బ తగిలినను నాయుడుగారు 40 పరుగులు చేసిరి; ఆ ఇన్నింగ్సులో మనవైపు అదియే అధికము. తుదకు 158 పరుగుల తేడాతో ఓడితిమి. ఓటమియే; అయినను మూడు దినములును చూచినవారు ఈ జట్టును చిన్నచూపు చూడలేదు.

ఆ వేసవి యంతయు నాయుడుగారు చేసిన పని చూడుడు. ప్రథమశ్రేణి ఆటలలో 1,618 పరుగులు, 65 వికెట్లు. సిక్సరులు 32. బర్మింగ్‌హాములోని ఎడ్జ్‌బాస్టన్ మైదానమున వార్విక్‌షైరుతో ఆడుచు 162 పరుగులు చేసిన సందర్భమున వారు కొట్టిన ఒక బంతి ప్రక్కనున్న రే యను ఏటిని దాటి పడినదట. ఆ కాలమున ఆ ఏరు రెండు కౌంటీలకు ఎల్లగా నుండెడిది గనుక, నాయుడు బంతిని ఒక కౌంటీనుండి మరియొక కౌంటీలోనికి కొట్టెనని ఆంగ్లేయులు ముచ్చటగా చెప్పుకొనిరి. మన పిల్లలకు ఇది సులభముగా అర్థము కావలెను. పొలిమేరయందు నిలిచి కొట్టిన బంతి కేంద్రపాలిత ప్రాంతమును దాటి ఆంధ్రప్రదేశములో పడుట మన ఊరిలో అరుదు కాదు. గౌతమిని దాటించి ఎదుర్లంకలో పడవేయుట మాత్రము నాయుడుగారి తరము కూడ కాదు. ఆ ప్రయత్నము ఎవ్వరును చేయవలదు, పాఠశాలలో బంతులు తక్కువగా నున్నవి.

ఇంగ్లండువారి ప్రసిద్ధ వార్షిక గ్రంథము విజ్డెన్, 1933 సంచికలో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో నాయుడుగారి పేరు చేర్చెను. భారత టెస్టు ఆటగాండ్రలో ఆ గౌరవము మొదట పొందినవారు వారే.

1933 డిసెంబరులో జార్డైన్ జట్టు ఇచటికి వచ్చినప్పుడును నాయుడుగారే నాయకులు. మన గడ్డమీద మొదటి టెస్టు బొంబాయి జిమ్‌ఖానాలో జరిగెను. లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, టెస్టులలో శతకము చేసిన తొలి భారతీయుడయ్యెను. అతనికి ఆవలి కొసన నిలిచి, కుదురుగా ఆడుమని హెచ్చరించుచు 67 పరుగులు చేసినవారు నాయుడుగారు. కలకత్తా, మద్రాసులలో జరిగిన తక్కిన రెండు ఆటలతో ఆ వరుస ముగిసెను. ఒకటి తేలలేదు, రెండు ఓడితిమి. దానితో వారి నాయకత్వమును ముగిసెను.

తరువాతి ఘట్టము వ్రాయుటకు తెలుగువానికి కలము సాగదు. 1936లో జట్టు మరల ఇంగ్లండునకు వెళ్ళవలసియుండగా నాయకత్వము విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతిగారికి లభించెను. వారును తెలుగువారే. క్రికెట్టునకు వారు చేసిన మేలు లేకపోలేదు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను మన దేశమునకు రప్పించి ఆడించినవారు వారే. కాని ధనమిచ్చి ఆటను పోషించుట వేరు, మైదానమున జట్టును నడుపుట వేరు. మూడు టెస్టులలో వారు చేసినవి 33 పరుగులు. జట్టు రెండు వర్గములుగా చీలెను. లాలా అమర్‌నాథును మొదటి టెస్టునకు ముందే స్వదేశమునకు పంపివేసిరి. పోరుబందరు మహారాజుగారు చేసిన పనిని విజయనగరపు రాజకుమారుడును చేసియుండినచో, ఆ యాత్ర కథ వేరుగా నుండెడిదని నా యభిప్రాయము. కాదనువారు కలరు; నేను మార్చుకొనను.

నాలుగేండ్ల క్రిందట తాను నాయకుడుగా నున్న దేశమునందే నాయుడుగారు సామాన్యసభ్యుడుగా ఆడిరి. ఓవల్ మైదానమున చివరి టెస్టు. ఇంగ్లండు నాయకుడు అలెన్ విసరిన వేగపుబంతి వారి పొట్టకు బలముగా తగిలెను. విరమింపుమన్నను వినక, నొప్పితోనే నిలిచి 81 పరుగులు చేసిరి. ఆట ఓడిపోతిమి. వారి టెస్టు ఇన్నింగ్సులలో అదియే చివరిది. అదియే అత్యధికము కూడ. ఏడు టెస్టులు, 350 పరుగులు, తొమ్మిది వికెట్లు. ఈ మూడంకెలను మాత్రమే చూచు నేటి బాలునికి నాయుడుగారు ఎవరో అర్థము కాదు. వారు టెస్టు ఆటలో ప్రవేశించునాటికే వయస్సు ముప్పదియారు. వారి మేటి సంవత్సరములలో మన దేశమునకు టెస్టులే లేవు. ప్రథమశ్రేణి లెక్క చూడవలెను: 207 ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు.

నలుబదియేండ్లు దాటినవానికి ఇక విశ్రాంతియే యని ఎవరైనను తలంతురు. నా వయస్సును అదియే గనుక ఈ భాగమును కొంచెము ఇష్టముగా వ్రాయుచున్నాను. నాయుడుగారి చేతిలో ఇందూరు హోల్కరు జట్టు దేశమున మేటిజట్లలో నొకటి యయ్యెను. 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలో నాలుగుమారులు రంజీ ట్రోఫీ గెలిచెను. ఇందూరు బాలుడైన ముస్తాక్ అలీని చిన్ననాడే గుర్తించి తీర్చినవారు వారే. విదేశమున టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడు ఆ ముస్తాక్ అలీయే. నాయుడుగారి తమ్ముడు సి.ఎస్. నాయుడు 1944-45 రంజీ చివరి ఆటలో బొంబాయి మీద 917 బంతులు విసరెను. ఒక్క ఆటలో! అన్నగారు నాయకుడై యుండగా తమ్మునికి విశ్రాంతి దొరకలేదు కాబోలు.

అన్నగారు తమకు తాము ఇచ్చుకొనిన విశ్రాంతియు అంతంతమాత్రమే. ఏబదియవ యేట బరోడా జట్టు మీద 200 పరుగులు చేసిరి. ఏబదియారవ యేట బొంబాయితో ఆడుచుండగా దత్తు ఫడ్కర్ విసరిన బంతి నోటికి తగిలి రెండు పండ్లు ఊడెను. వారు ఆటను ఆపనీయలేదు; నెత్తుటి నోటితోనే నిలిచి అర్ధశతకమును దాటిరి. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ 1953-54 సంవత్సరముననే ఆంధ్ర జట్టు రంజీ పోటీలో తొలిసారి అడుగుపెట్టగా దానికి నాయకత్వము వహించినవారు ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు. తాతలు విడిచివచ్చిన నేలకు మనుమడు చేసిన సేవ అది. నాగపూరున పుట్టి, ఇందూరున బ్రతికి, తెలుగునాటి జట్టుకు తొలి నడక నేర్పిరి.

1956లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. ఆ తరువాతను ఆట మానలేదు. 1956-57లో ఉత్తరప్రదేశము తరఫున రంజీ పోటీలో ఆడిరి. చివరి రంజీ ఇన్నింగ్సున 52 పరుగులు. 1963-64లో నాగపూరున జరిగిన ఒక సహాయార్థ పోటీలో అరువదియెనిమిదవ యేట మైదానమున దిగిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున కన్నుమూసిరి.

తండ్రిగారు ఈ కథ అంతయు ఓపికతో వినిరి. "ఆయనకు మహారాజు దొరికెను; మావానికెవరు దొరుకుదురు?" అనిరి. న్యాయమైన ప్రశ్న. సంస్థానములు దేశములో విలీనమైన తరువాత, 1954-55తో హోల్కరు పేరిటి జట్టుకూడ అంతరించెను. ఆటగాండ్రను పోషించు భారము రైల్వేలు, బ్యాంకులు వంటి సంస్థలమీద పడెను. నేడది ప్రకటనకర్తలమీదను వేలములమీదను పడినది. అయినను అన్నము పుట్టునది ఆనాడు కొద్దిమందికే, ఈనాడును ఆడువారిలో కొద్దిమందికే. ఆ మాట దాచకుండ ఆయనతో చెప్పితిని. బాలుని ముఖము చిన్నబోయెను.

"మరి ఆయన పిల్లలేమైరి?" అని వాడు మెల్లగా అడిగెను. కుమార్తె చంద్రా నాయుడుగారు ఇందూరున ఆచార్యత్వము చేసిరనియు, 1977లో ఎం.సి.సి. జట్టు ఇందూరున ఆడినప్పుడు ఆ ఆటకు వ్యాఖ్యానము చేసి, ఆ పని చేసిన తొలి భారతీయ మహిళగా పేరొందిరనియు, తండ్రిని గూర్చి ఒక పుస్తకమును వ్రాసిరనియు చెప్పితిని. వ్రాయుట అనుమాట వినగానే వానికి నా ముందున్న వ్యాసరచన పుస్తకములు కనబడెను. తన పుస్తకము వానిలో నున్నదా యని చూచి, బంతి తీసికొని, వీధిలోనికి పరుగెత్తెను.